గాలిగొట్టముల గండ్లు

కాలువకు గండి పడినచో ఊరెల్ల చూచును. నీరు పల్లమునకు పరుగిడును, చేలు మునుగును, లస్కరు మొదలు ఇంజనీరు వఱకు అందఱును గట్టుమీదికి వత్తురు. గాలిగొట్టమునకు గండి పడినచో చూచువారెవరును లేరు. గాలికి రంగు లేదు. అది పోయిన చోట తడి యుండదు. ఇంటికప్పు క్రింద, గోడసందులలో, నేలమాళిగలలో రేయింబవళ్లు కాఱిపోవు చల్లదనమునకును వెచ్చదనమునకును సాక్షి యొకటియే కలదు: నెల చివర వచ్చు విద్యుచ్ఛక్తి బిల్లు. ఆ సాక్షియు ఎంత వ్యయమైనదో చెప్పునేగాని, అందెంత యనుభవింపబడినదో, ఎంత వృథాయైనదో చెప్పజాలదు. దానిచేత నిజము చెప్పించు సాధన మొక్కటి కలదు. అది కొలత. ఈ వారము మేము పాఠకమహాశయులకు నివేదింపదలచినది ఆ కొలతను గుఱించియే.

ఇండ్లలోని గాలిగొట్టముల ముచ్చటకు జాతీయపత్రికలో చోటేమని కొందఱడుగవచ్చును. దానికి రెండు కారణములు కలవు. మొదటిది, అమెరికాయందు టెక్సాసు, కాలిఫోర్నియా, న్యూజెర్సీ మున్నగు రాష్ట్రములలో వేలకొలది తెలుగు కుటుంబములు సొంత యిండ్లు కొని కాపురముండుట. ఆ యిండ్లు పెక్కింటికి శీతకాలమున వేడియు, వేసవిని చల్లదనమును గొట్టముల వెంటనే వచ్చును. మన సోదరులు కష్టపడి గడించిన ధనములో కొంత ప్రతినెలయు ఆ గొట్టముల సందులగుండ పోవుచున్నది. రెండవది, ఆ పద్ధతియే మన నగరములకును వచ్చియుండుట. హైదరాబాదు, విశాఖపట్టణము వంటి చోట్ల హోటళ్లకును, వైద్యశాలలకును, కార్యాలయములకును ఇది చిరకాలపరిచితమే. ఇప్పుడు ధనికుల క్రొత్త సౌధములలో సైతము ఫాల్సు సీలింగు వెనుక గొట్టములు పాఱించుట మొదలైనది. పరదేశమునుండి వస్తువును తెచ్చుకొనుట సులభము. ఆ వస్తువును అదుపులో నుంచు నియమమును తెచ్చుకొనుట కష్టము. మనము గొట్టములను మాత్రమే తెచ్చుకొని కొలతను ఓడరేవుననే విడిచివచ్చుచున్నామేమో యని మా భయము.

విషయము తెలియనివారికై ఆ యేర్పాటును సంగ్రహముగా వివరింతుము. ఇంటిలో నొకచోట యంత్రముండును. అందలి పంకా గాలిని చల్లని తీగచుట్టలమీదుగనో, వేడిపొయ్యిమీదుగనో త్రోసి పెద్ద గొట్టములోనికి పంపును. ఆ పెద్ద గొట్టమునుండి శాఖలు చీలి గదిగదికిని పోయి, పైకప్పునందో నేలయందో జాలీల ద్వారమున గాలిని విడుచును. గదులలోని గాలి మఱల తిరుగుగొట్టము వెంట యంత్రమును చేరును. ఈ గొట్టములనే అందఱును డక్టులందురు. మన డెల్టా రైతునకు ఇది యంతయు సుపరిచితమైన యమరికయే. యంత్రము ఆనకట్ట వంటిది, పెద్ద గొట్టము ప్రధానపు కాలువ, శాఖలు పిల్లకాలువలు, జాలీలు తూములు. తలకాలువ గట్టు కాఱినచో చిట్టచివరి భూమికి నీరందదు. ఇచటను అంతియే. దూరపు పడకగది వేసవిలో ఉడికిపోవును, చలికాలమున గడ్డకట్టును. గృహస్థుడు యంత్రమును నిందించి దానికంటె పెద్ద యంత్రమును కొనును. కాఱు కాలువకు ఎక్కువ నీరు విడిచినంత మాత్రమున కొసభూములు పండునా? గండి మాత్రము పెద్దదగును.

ఈ నష్టము స్వల్పమని యెవరును తలపరాదు. అమెరికా పర్యావరణ రక్షణసంస్థ పక్షమున నడచు ఎనర్జీ స్టార్ అను పథకమువారు, సామాన్యముగా ఇండ్లలో గొట్టములవెంట పోవు గాలిలో నూటికి 20 మొదలు 30 పాళ్లు అతుకుల సందులచేతను, చిల్లులచేతను, సరిగా బిగింపని కూడళ్లచేతను పోవుచున్నదని ప్రకటించియున్నారు. మూడు టన్నుల శీతలయంత్రము నిమిషమునకు సుమారు 1200 ఘనపుటడుగుల గాలిని త్రిప్పునని శిల్పుల వాడుకలెక్క. అందు ఐదవవంతు పోయిన 240 ఘనపుటడుగులు. ఇంటి యజమాని ఐదు రూపాయలు చెల్లించి నాలుగింటి సరకు ఇంటికి తెచ్చుకొనుచున్నాడన్నమాట. అంగడివాడు తూకములో ఇంత తగ్గించినచో వీధి యంతయు కూడును. తన యింటి కప్పుక్రిందనే జరుగు ఈ తఱుగును ఏండ్ల తరబడి భరించుచు ఎఱుగకయే యుండుట వింతకాదా?

బయటికి పోవు గాలికంటె లోనికి జొరబడు గాలి మఱింత యపాయకరము. దీనిని చిన్న లెక్కచేత చూపుదుము. టెక్సాసువంటి యుష్ణప్రదేశములలో గొట్టములను పెక్కుచోట్ల అటకమీదనే పాఱింతురు. వేసవి మధ్యాహ్నమున ఆ యటకలో వేడి 50 డిగ్రీలను దాటుట సామాన్యము. ఇంటిలోని గాలి 25 డిగ్రీలలో నున్నదనుకొందము. తిరుగుగొట్టమునకు అటకమీద చిల్లుపడి, యంత్రము పీల్చు గాలిలో పదవవంతు అచటినుండి వచ్చినచో, రెండును కలిసిన గాలి 27 డిగ్రీల 5 పాళ్లగును. యంత్రము గాలిని చల్లపఱచుట సుమారు 10 డిగ్రీల మేర మాత్రమే. అందు రెండున్నర డిగ్రీలు, అనగా నాలుగవవంతు, అటకవేడిని దించుటకే సరిపోవును. చిల్లు పదవవంతు, నష్టము నాలుగవవంతు. అటకలోని ధూళియు, చెమ్మయు, ఇంటికప్పునకు పఱచిన దూదివంటి పొరల నూగును దీనిపై వడ్డీ.

ఇంతటితో ముగియలేదు. సరఫరాగొట్టములు బయటివైపు కాఱినచో ఇంటిలోనికి వచ్చు గాలికంటె ఇంటినుండి యంత్రము లాగు గాలి యెక్కువగును. ఆ కొఱత తీర్చుటకై యిల్లు సందుసందునుండియు గాలిని పీల్చును. నీరు కాచు గ్యాసుపొయ్యి పొగగొట్టము దగ్గఱలో నున్నచో, పైకి పోవలసిన పొగ వెనుకకు మఱలి గదిలోనికి రావచ్చును. అందు కార్బన్ మోనాక్సైడు అను విషవాయు వుండవచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రించువానిని నిద్రలోనే హరించును. కావున ఇది కేవలము ఇంటిఖర్చు చిట్టాకు సంబంధించిన విషయము కాదు, ప్రాణములకు సంబంధించిన విషయము.

ఇక కొలుచు విధానము. ఇది మహాయంత్రముతో గూడిన పని కాదు. మొదట యంత్రము నాపివేసి, వడపోతగుడ్డను తీసివేయుదురు. గదులలోని జాలీలన్నింటిని అంటుకాగితముతో గాలి చొరకుండ మూయుదురు. తిరుగుగొట్టపు పెద్ద జాలీకిగాని, యంత్రపు పెట్టెకుగాని, ముందుగా సరిచూచి గుర్తులు పెట్టిన పంకా నొకదానిని బిగింతురు. ఇంటి తలుపో కిటికీయో తెఱచి, ఇంటిలోని యొత్తిడియు బయటి యొత్తిడియు సమానమగునట్లు చేయుదురు. పిమ్మట పంకాను మెల్లగా త్రిప్పుచు గొట్టములలోని యొత్తిడిని 25 పాస్కలులకు తెత్తురు. 25 పాస్కలులనగా భయపడనక్కఱలేదు. గాజుగొట్టములోని నీటిమట్టమును రెండున్నర మిల్లీమీటర్ల మేర ఎత్తగల యొత్తిడి మాత్రమే. గొట్టములు పూర్తిగా బిగిసియున్నచో, ఆ యొత్తిడిని నిలుపుటకు పంకాతో పనియుండదు. కాఱుచున్నచో, ఎంత గాలి పోవుచున్నదో అంత గాలిని పంకా ఎడతెగక పోయుచుండవలెను. పంకా పోయుచున్నదెంతో గుర్తునుబట్టి చదివినచో, అదియే గండి కొలత. ఓటికుండలో నీటిమట్టము తగ్గకుండ నిమిషమునకెన్ని చెంబులు పోయవలెనో లెక్కించినచో, చిల్లును కంట చూడకయే దాని పరిమాణము తెలియును గదా. సూత్రమదియే. చిల్లుల చోటు కూడ తెలియగోరినవారు పంకా నోట నాటకశాలలలో వాడు పొగను కొంత వదలుదురు. అంతవఱకు కంటబడని దొంగదారులన్నియు ఒక్కసారిగా బయటపడును.

ఈ కొలతలో వివేకింపవలసిన సంగతులు రెండు కలవు. గొట్టము కాఱినదంతయు నష్టము కాదు. ఇంటిలోపలనే, చల్లపఱచిన భాగమునందే కాఱిన గాలి ఏదో యొక విధమున ఇంటివారికే చెందును. అటకకో బయటికో పోయినది మాత్రమే నిజమైన నష్టము. ఈ రెంటిని వేఱుపఱచుటకు వీధితలుపునందు మఱియొక పెద్ద పంకాను నిలిపి, ఇంటిలోని యొత్తిడిని సైతము 25 పాస్కలులకు తెత్తురు. అప్పుడు గొట్టమునకును గదికిని నడుమ ఒత్తిడిభేదముండదు గనుక, అటునిటు గాలి పాఱదు. మిగిలిన కాఱుట యంతయు బయటికి పోవునదియే. రెండవ సంగతి: యంత్రము నడచునప్పుడు గొట్టములలో అన్నిచోట్ల ఒత్తిడి 25 పాస్కలులుగా నుండదు. పంకాకు దగ్గఱి చిల్లు ఎక్కువగాను, జాలీకి దగ్గఱి చిల్లు తక్కువగాను కాఱును. కావున ఈ పరీక్ష చిల్లుల పరిమాణమును నమ్మకముగా తెలుపును గాని, ప్రతిదినము పోవు గాలి నింతయని ఉన్నదున్నట్లు తెలుపదు. ఈ పరిమితి నెఱిగి వాడినచో ఇంతకంటె నిష్పక్షపాతియైన మధ్యవర్తి దొరకుట యరుదు. తెలిసిన కొలమానమునకు కొంత లోపమున్నను, అది కొలమానమే లేకుండుటకంటె వేయిరెట్లు మేలు.

ఈ విద్య ఒక్కనాడు పుట్టినది కాదు. 1902లో విల్లిస్ కారియర్ బ్రూక్లినులోని యొక ముద్రణశాలకై గాలిని చల్లపఱచి తేమను అదుపులోనుంచు యంత్రమును నిర్మించెను. కాగితము సాగి రంగులు చెదరుట మాన్పుటయే దాని ప్రయోజనము. ఆ విద్య కాలక్రమమున ఇండ్లలో ప్రవేశించినను, గొట్టములు కాఱుచున్నవన్న జ్ఞానము చాలకాలము కలుగలేదు. 1977 ప్రాంతమున స్వీడనుదేశమున పంకాతో ఇంటి బిగువును పరీక్షించు పద్ధతి వెలసినది. న్యూజెర్సీలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దానిని చేపట్టి, ఇండ్లలో గాలి తప్పించుకొను గుప్తమార్గములను కనుగొనిరి. 1991 నాటికి ఫ్లోరిడా సోలార్ ఎనర్జీ సెంటరువారు ఆ రాష్ట్రపు ఇండ్లలో గాలిగొట్టములే పెద్ద దోషులని కొలిచి చూపిరి. 1998లో లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో మాక్స్ షెర్మన్, ఇయాన్ వాకర్ అను శాస్త్రజ్ఞులు అతుకులకు వాడు పదార్థములను వేడిచేసియు చల్లార్చియు పరీక్షించిరి. వింత యేమన, వారి పరీక్షలో తప్పినది డక్టు టేపు అను పేరుగల గుడ్డపట్టీయే! పేరు గొట్టముదే గాని, గొట్టమునకు మాత్రము పనికిరాదు. బిరుదులను చూచి పదవులిచ్చువారికి ఇందొక పాఠము కలదు. ఆ ప్రయోగశాలలోనే మార్క్ మొడేరా అను శాస్త్రజ్ఞుడు, జిగురుకణములను గాలిలో కలిపి గొట్టముల లోపలికి పంపి, చిల్లుల యంచులకు అవి తమంత తామే యంటుకొని మూసుకొనునట్లు చేయు పద్ధతిని 1990 దశకమున రూపొందించెను. దానియందు సైతము ప్రధానమైనది కొలతయే. పని జరుగుచుండగనే కాఱుట ఎంత తగ్గుచున్నదో గృహస్థునకు తెరమీద కనబడుచుండును.

శాస్త్రము తేల్చినదానిని శాసనము పిమ్మట స్వీకరించెను. కాలిఫోర్నియావారు తమ 2005 నాటి నియమావళిలో, ఆ రాష్ట్రపు పెక్కు ప్రాంతములయందు పాత యంత్రమును మార్చునప్పుడు సైతము గొట్టములను పరీక్షించి బిగింపవలెనని విధించిరి. అమెరికా రాష్ట్రములు తమతమ మార్పులతో స్వీకరించు ఆదర్శ నియమావళి యొకటి కలదు. 2009 నాటి ప్రతిలో, గొట్టములు ఇంటిలోని చల్లని భాగమును దాటిపోయినచో పరీక్ష తప్పనిసరియైనది. అప్పుడు ఇల్లు ముగిసిన పిమ్మట నూఱు చదరపుటడుగులకు నిమిషమునకు 12 ఘనపుటడుగుల మొత్తపు కాఱుడు వఱకు ఓర్చిరి. 2012 నాటి ప్రతిలో దానిని 4కు తగ్గించిరి. అనగా 2000 చదరపుటడుగుల యింటికి 240 మొదలు 80 వఱకు దిగినది. మూడేండ్లలో హద్దు మూడవవంతునకు వచ్చినది. పనివారి చేతులు మాఱలేదు, రేకు మాఱలేదు, గాలియు మాఱలేదు. మాఱినదొక్కటే: పని ముగియగనే ఒకరు వచ్చి కొలుతురన్న యెఱుక. ఎవరో కొలుతురని తెలిసిన చేయి అతుకును మఱొక్కమాఱు తడుమును.

ఈ సందర్భమున మాకు దాదాభాయి నౌరోజీ మహాశయుడు జ్ఞప్తికి వచ్చుచున్నాడు. భారతదేశపు ధనము కనబడని మార్గములగుండ తరలిపోవుచున్నదన్న బాధ ఆయనకు పూర్వమును పెక్కుమందికి కలదు. కాని బాధ వేఱు, వాదము వేఱు. ఆయన ఎగుమతి దిగుమతుల లెక్కలను వరుసగా పేర్చి, ఇంత పోవుచున్నదని అంకెలతో చూపెను. 1901లో ప్రకటితమైన ఆయన గ్రంథమునకు బలము తిట్లలో లేదు, లెక్కలలో నున్నది. దేశమునకు చెల్లిన న్యాయము ఇంటికిని చెల్లును. గది చల్లబడలేదని కంట్రాక్టరుతో కలహించువాడు ఫిర్యాదుదారుడు. నిమిషమునకు 300 ఘనపుటడుగులు పోవుచున్నవని కాగితము చూపువాడు హక్కుదారుడు. మొదటివానికి సమాధానముగా మాటలు దొరకును. రెండవవానికి పని దొరకును.

దీనిపై కొన్ని యాక్షేపణలు వినబడుచున్నవి. ఇంటిని ఇంత బిగించినచో మంచిగాలి యెట్లు వచ్చునని కొందఱందురు. ప్రశ్న సమంజసమే. కాని మంచిగాలి రావలసినది కిటికీగుండ, లేదా దానికై యేర్పఱచిన మార్గముగుండ. అటకలోని ధూళిగుండ కాదు. మంచినీరు కావలెనని గొట్టమునకు మురుగుకాలువలో చిల్లుపెట్టుకొనువారు కలరా? పరీక్షకు ఖర్చగునని మఱికొందఱందురు. అగును. కాని యది యొక్కమాఱు పెట్టు ఖర్చు. చిల్లు ప్రతిదినము పన్ను వసూలు చేయును. యంత్రముమీద నక్షత్రములున్నవి గదా, ఇంకేమి కావలెనని అనువారును గలరు. మన దేశమున నిదియే యెక్కువగా వినబడు మాట గనుక కొంచెము విస్తరింతుము.

మనవారు ఈ విషయమున నిద్రించుచున్నారని మేమనము. 2001లో విద్యుచ్ఛక్తి పొదుపునకై కేంద్రశాసనము వెలసినది. 2002లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడినది. యంత్రములకు నక్షత్రముల గుర్తులు వచ్చినవి. గదులలో వాడు శీతలయంత్రములు 24 డిగ్రీలవద్దనే మొదలు కావలెనని 2020 నుండి నియమము. పెద్ద కట్టడములకు 2007లోను, మఱల 2017లోను నియమావళులు వెలువడినవి. నివాసగృహములకై 2018లో వెలువడిన ఎకో నివాస్ సంహిత మొదటిభాగము గోడలు, కప్పు, కిటికీల సంగతి చూచినది. 2019లో ప్రకటించిన శీతలీకరణ ప్రణాళికలో, 2037-38 నాటికి చల్లదనమునకై వెచ్చించు శక్తిని నూటికి 25 మొదలు 40 పాళ్లు తగ్గింపవలెనని సంకల్పము చెప్పుకొన్నారు. ఇవి యన్నియు శ్లాఘ్యములే. కాని నక్షత్రము యంత్రమునకు చెందినది. దానిని పరీక్షాశాలలో పరీక్షించి యిత్తురు. గొట్టము పరీక్షాశాలలో పుట్టదు. మన యింటిలో, నిచ్చెనమీద, చీకటిసందులో, పని త్వరగా ముగింపవలెనన్న తొందరలో పుట్టును. ఐదు నక్షత్రముల యంత్రమునకు కాఱు గొట్టమును తగిలించినచో, నక్షత్రములు పెట్టెమీద మిగులును, చల్లదనము కప్పుమీద మిగులును.

ఇది ధనికుల గొడవ, మాకేల యని సామాన్యుడు తలపరాదు. నిజమే, మన దేశమున మధ్యతరగతివారి యిండ్లలో నున్నవి గోడకు తగిలించు యంత్రములు. వానికి గాలిగొట్టములు లేవు. రాగిగొట్టములలో శీతలద్రవము మాత్రము పాఱును. బీదవాని యింట పంకా యున్న గొప్ప. అయినను విద్యుచ్ఛక్తి యందఱి యుమ్మడిసొత్తు. దేశమునందలి విద్యుచ్ఛక్తిలో సగమునకు మించినది నేటికిని బొగ్గునుండియే పుట్టుచున్నది. సింగరేణి గనిలో కార్మికుడు చెమటోడ్చి త్రవ్విన బొగ్గు, మండి, శక్తియై, తీగలవెంట నగరమునకు వచ్చి, చల్లదనముగా మాఱి, ఎవరికిని చెందక ఫాల్సు సీలింగు వెనుక కాఱిపోవుట న్యాయమా? మండువేసవిలో కరెంటు పోయి పసిబిడ్డకు విసనకఱ్ఱతో విసరుచు కూర్చుండు తల్లికి, పెద్దభవనపు గొట్టములోని గండితో సంబంధము లేదని ఎవరనగలరు? తలభూములవాడు నీరు వృథాచేసినచో ఎండునది కొసభూములవాని చేను.

కావున మా సూచనలు స్పష్టముగా చెప్పుచున్నాము. అమెరికాలోని మన సోదరులు ఇల్లు కొనునప్పుడు కప్పును, పునాదిని పరీక్షింపజేసినట్లే గొట్టముల కాఱుడునుగూడ కొలిపించి, అంకెను వ్రాతమూలకముగా పుచ్చుకొనవలెను. పాత యింట నున్నవారు క్రొత్త యంత్రమునకు బయానా ఇచ్చుటకు ముందే ఈ పని చేయించుట మేలు. బిగించిన పిమ్మట చిన్న యంత్రమే చాలవచ్చును. మన నగరములలో గొట్టములు పెట్టించువారు నాలుగు నియమములు పాటింతురు గాక. ఫాల్సు సీలింగు మూయుటకు ముందే పరీక్ష జరుగవలెను. మూసిన పిమ్మట కనుగొన్న చిల్లు కూల్చినగాని పూడదు. అతుకులకు గుడ్డపట్టీ గాక మాస్టిక్ లేపము పూయింపవలెను. సాధ్యమైనంతవఱకు గొట్టములు చల్లని గదుల మేరలోనే యుండవలెను; ఎండతాకు కప్పుక్రిందను, కప్పుమీదను పాఱింపరాదు. చివరిది, ముఖ్యమైనది: కొలిచినవాడు కట్టినవాడు కాకూడదు. పరీక్ష వ్రాసిన విద్యార్థియే తనకు మార్కులు వేసికొనుట యే పాఠశాలలోను లేదు. కడపటి వాయిదా సొమ్ము ఆ అంకె చేతికి వచ్చిన పిమ్మటనే కంట్రాక్టరునకు ముట్టవలెను.

ప్రభుత్వములకును, విద్యాలయములకును మేము చెప్పదగినది కొంత కలదు. ఈ పరీక్షకు కావలసినవి గుర్తులు పెట్టిన పంకా యొకటి, ఒత్తిడిని కొలుచు సాధన మొకటి, నేర్పుగల మనుష్యు డొకడు. ఏటవాలుగా నిలిపిన నీటిగొట్టముతో సూక్ష్మమైన యొత్తిడిని కొలుచుట మన కళాశాలల ప్రయోగశాలలలో నెఱిగిన పనియే. ఇట్టి పరికరములను మన కర్మాగారములు చేయలేకపోవుటకు కారణము కనబడదు. పాలిటెక్నిక్కులలోను, పారిశ్రామిక శిక్షణాలయములలోను శీతలయంత్రముల పని నేర్చు యువకులకు బిగించుటతోపాటు కొలుచుటయు నేర్పినచో, వారికి గౌరవమైన వృత్తి యొకటి యేర్పడును. రేకుపని చేయు శిల్పికిని ఇందవమానము లేదు. మంచి శిల్పి కొలతకు వెఱవడు. కొలతయే వాని పనితనమునకు సాక్ష్యము. వెఱచువాడెవడో, వాని పనిని ముందుగా కొలువవలెను.

స్వదేశవస్తువును వాడుట మాత్రమే స్వదేశభక్తి కాదు. ఏ దేశమున బుట్టిన వస్తువునైనను మన బుద్ధితో పరీక్షించి, దాని మంచిచెడ్డలను మన లెక్కలో వ్రాసికొని వాడుట కూడ స్వదేశభక్తియే. బజారులో సోలెడు గింజలు కొన్నను కొలత సరిచూచుకొను జాతి మనది. కంట కనబడదు గనుక గాలిని కొలువనక్కఱలేదనుకొనుట మన యలవాటునకే విరుద్ధము. గండి యెచ్చటనున్నదో, ఎంతయున్నదో తెలిసినచో పూడ్చుట గంటల పని. తెలియనిచో అది తరతరముల వ్యయము. గొట్టములు పెట్టించుకొను ప్రతి గృహస్థుడును ఇకమీదట కంట్రాక్టరును అడుగవలసిన మొదటిప్రశ్న ఇంటిలో చల్లదనమెంత యని కాదు. 25 పాస్కలులవద్ద కాఱుడెంత యని. జవాబు అంకెలో రావలెను. అంకె రానిచో, పని ఇంకను పూర్తికాలేదని తెలిసికొనవలెను.